గోల్స్ కొట్టని మోడ్రిచ్‌కి బాలన్ డి'ఓర్ ఎందుకిచ్చారు?

"ఫుట్‌బాల్ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. లూకా మోడ్రిచ్ గోల్స్ చూస్తే తక్కువ, అసిస్ట్‌లూ అంతంతమాత్రమే. 2018 ప్రపంచకప్ ఫైనల్ కూడా ఓడిపోయాడు. అయినా ఆ ఏడాది బాలన్ డి'ఓర్ అతనికే ఎందుకిచ్చారు? క్రొయేషియా క్యాప్టెన్‌గా అంత పేరెందుకు?" ఇదీ మీ ప్రశ్న.

మీ లెక్కలో తప్పు లేదు. ఆ ప్రపంచకప్‌లో షూటౌట్లు (ఆట సమమైతే గెలుపు తేల్చే పెనాల్టీ కిక్‌లు) పక్కన పెడితే అతను కొట్టిన గోల్స్ రెండే, అందులో ఒకటి పెనాల్టీ. దానికి ముందు రియల్ మాడ్రిడ్ సీజన్‌లో గోల్స్ అయితే ఒక చేతి వేళ్లు కూడా పూర్తవవు. అలాంటివాడికి ప్రపంచకప్ ఉత్తమ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాల్, యూరప్ ఉత్తమ ఆటగాడు, ఫిఫా ఉత్తమ ఆటగాడు, చివర్లో బాలన్ డి'ఓర్ వరసపెట్టి వచ్చాయి. బాలన్ డి'ఓర్ అంటే ఏటా ప్రపంచంలోని ఉత్తమ ఆటగాడికిచ్చేది, 2008 నుంచి 2017 దాకా మెస్సీకో రొనాల్డోకో తప్ప మరొకరికి దక్కని అవార్డు అది. అనుమానం రావడం సహజమే.

నేను చాలా ఏళ్లుగా కుర్రాళ్లకు మిడ్‌ఫీల్డ్ ఆట నేర్పుతున్నాను. నా దృష్టిలో మిడ్‌ఫీల్డర్ పనితనం ఎక్కువగా బంతి అతని దగ్గరికి రాకముందే బయటపడుతుంది. క్యాప్టెన్ సంగతేమో పొరపాటు చేశాక తెలుస్తుంది. ఈ రెండూ గణాంకాల పట్టికలోకి ఎక్కవు. మోడ్రిచ్ కెరీర్ మొత్తం దాదాపు ఈ రెండిట్లోనే ఉంది.

ముందు బంతి రాకముందు సంగతి. అతను ఆడిన ఏ మ్యాచ్ అయినా పెట్టుకుని, ఒక పది నిమిషాలు బంతిని వదిలేసి అతన్నే చూడండి. తన డిఫెండర్ కాళ్ల దగ్గర బంతి ఉన్నంతసేపూ అతని తల నిలకడగా ఉండదు. కుడి భుజం మీదుగా ఒకసారి, ఎడమ భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు. బంతి బయల్దేరి దారిలో ఉండగా మళ్లీ ఒక చూపు. వెనక ఎవరున్నారు, ఎంత దూరంలో ఉన్నారు, ఏ పక్క ఖాళీ ఉంది అన్నది అప్పటికే తేలిపోతుంది. అందుకే బంతి చేరేసరికి ఒళ్లు సగం తిరిగి ఉంటుంది. మామూలు ఆటగాడు బంతిని ఆపి, తల ఎత్తి, అప్పుడు ఎటివ్వాలా అని చూసుకుంటాడు. ఇతనికి అవన్నీ ముందే అయిపోయాయి కాబట్టి మిగిలేది ఒకటే పని, మొదటి టచ్‌తోనే మీదికొచ్చేవాడి పక్కనుంచి జారుకోవడం. వచ్చినవాడు ఊపుగా వచ్చాడు, వెంటనే ఆగలేడు. ప్రత్యర్థి జట్టులో ఒక మనిషి ఆ క్షణానికి లెక్కలోంచి పోయినట్టే. అక్కణ్నుంచి మోడ్రిచ్ ఇచ్చేది పది అడుగుల సాదా పాసే కావచ్చు. దాన్ని అందుకున్నవాడు ముందుకు ఇస్తే అతనికి అసిస్ట్ (గోల్‌కి ముందు ఆఖరి పాస్), ఇంకొకడికి గోల్. మోడ్రిచ్ పేరు ఎక్కడా రాదు.

కుర్రాళ్లకు ఇది నేర్పడం ఎంత కష్టమో చెప్పలేను. బంతి వస్తుంటే కళ్లు దానిమీంచి తిప్పుకోమంటే ఎవరికైనా భయమే. కంట్రోల్ పోతుందేమో అన్న టెన్షన్. పదేళ్ల వయసులో పడాల్సిన అలవాటు అది, పద్దెనిమిదేళ్లకు మొదలుపెడితే సగమే వస్తుంది.

ఇంకొకటి కుడికాలి బయటి అంచుతో ఇచ్చే పాస్. చాలామంది దాన్ని షో అనుకుంటారు. నిజానికి అది అవసరం కోసం. కాలి లోపలి వైపుతో దూరానికి కొట్టాలంటే తుంటి తెరవాలి, అడుగు సర్దుకోవాలి. ఆ కాస్త వ్యవధిలో బంతి ఎటు వెళ్తుందో డిఫెండర్ పసిగట్టేస్తాడు. బయటి అంచుతో అయితే పరుగెత్తే అడుగు మార్చకుండానే కొట్టేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీతో చాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్‌ల పెద్ద టోర్నీ) క్వార్టర్ ఫైనల్ రెండో లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల పోరులో రెండోది చూడండి. సొంత మైదానంలో మాడ్రిడ్ 0–3తో వెనకబడింది, రెండు లెగ్‌లూ కలిపి చూస్తే టోర్నీ నుంచి బయటికి పోయినట్టే. 80వ నిమిషంలో ఎడమ పక్కనుంచి మోడ్రిచ్ బయటి అంచుతో కొట్టిన బంతి డిఫెన్స్ మీదుగా వంపు తిరిగి అవతలి పక్కకు వెళ్లింది. పరుగెత్తుకొచ్చిన రోడ్రిగో దాన్ని నేల తాకనివ్వకుండానే వలలోకి కొట్టాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజెమా గోల్‌తో మాడ్రిడ్ గట్టెక్కింది, ఆ ఏడాది కప్పు కూడా గెలిచింది. అప్పటికి మోడ్రిచ్‌కి 36 ఏళ్లు. ఇదొక్కటి అసిస్ట్‌ల పట్టికలో ఉంది లెండి.

ఈ ఆట తీరులో సగం అతని ఒంటి తీరు వల్ల వచ్చిందే. 172 సెంటీమీటర్ల ఎత్తు, బక్కపలచని మనిషి. తోపులాటలో నెగ్గలేడు కాబట్టి తోపులాట జరిగే చోట ఉండకూడదు, అంతే. చిన్నప్పుడు హైదుక్ స్ప్లిట్ క్లబ్ బలహీనంగా ఉన్నాడని వద్దంది. సొంతూరు జాదర్‌లో అతన్ని తీర్చిదిద్దిన కోచ్ తొమిస్లావ్ బాషిచ్ మాత్రం పట్టు వదల్లేదు.

బాల్యం గురించి మీరు ఎక్కడైనా చదివే ఉంటారు. 1985లో జాదర్‌లో పుట్టాడు. 1991 డిసెంబరులో క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తాతను చంపేశారు, ఆయన పేరు కూడా లూకానే. ఇల్లు వదిలేసిన కుటుంబం శరణార్థులుగా జాదర్‌లోని హోటళ్లలో ఏళ్ల తరబడి తలదాచుకుంది. అక్కడి పార్కింగ్ స్థలంలో బంతి తన్నుతూ పెరిగాడు. ప్రతి పెద్ద మ్యాచ్‌కి ముందూ మీడియా ఈ కథ బయటికి తీస్తుంది. యుద్ధమే అతన్ని ఇంత గొప్పవాణ్ని చేసిందని రాసేవాళ్లతో నేను ఏకీభవించను. అలాంటి హోటళ్లలో ఇంకా ఎంతోమంది పిల్లలు పెరిగారు. ఆట నేర్పింది యుద్ధం కాదు, కోచ్‌లు.

కెరీర్ తొలి రోజుల్లో నాకు ముఖ్యంగా కనిపించేది వేరే ఉంది. క్రొయేషియా క్లబ్ డినామో జాగ్రెబ్ అతన్ని 2003లో బోస్నియా లీగ్‌లో ఆడే జ్రిన్‌స్కి మోస్టార్‌కి లోన్ మీద పంపింది. వయసు 18. మొరటు ఆట, బక్క కుర్రాడని జాలిపడి వదిలేసేవాళ్లు లేరు. అక్కడ ఆ లీగ్ ఉత్తమ ఆటగాడిగా పేరు తెచ్చుకున్నాడు. బోస్నియా లీగ్‌లో ఆడగలిగినవాడు ఎక్కడైనా ఆడగలడని తర్వాత అతనే అన్నాడు. కుర్రాళ్లని పెద్ద అకాడమీల్లో భద్రంగా దాచి ఉంచే తల్లిదండ్రులకు నేను ఈ ముక్క తరచూ చెబుతుంటాను.

తర్వాత డినామోతో వరసగా మూడు లీగ్ టైటిళ్లు, 2008లో ఇంగ్లండ్‌లో టాటెన్‌హామ్, 2009లో కాలి ఎముక విరగడం, 2011లో చెల్సీ అడిగితే టాటెన్‌హామ్ ఒప్పుకోకపోవడం, 2012లో రియల్ మాడ్రిడ్. మాడ్రిడ్‌లో మొదటి నెలలు బాగా సాగలేదు. ఆ ఏడాది చివర్లో స్పెయిన్ పత్రిక మార్కా నిర్వహించిన పోల్‌లో పాఠకులు సీజన్ మొత్తానికే పనికిరాని కొనుగోలుగా ఇతన్ని ఎంచారు. మూడు నెలలు తిరగకుండానే మాంచెస్టర్ యునైటెడ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి, బాక్స్ బయటినుంచి కొట్టిన గోల్‌తో స్కోరు సమం చేశాడు. ఆ తర్వాతి చరిత్ర ఆరు చాంపియన్స్ లీగ్ కప్పులు: 2014, 2016, 2017, 2018, 2022, 2024. 2014 ఫైనల్లో ఆట ముగుస్తుందనగా సెర్హియో రామోస్ తలతో కొట్టిన గోల్ గుర్తుందా? ఆ కార్నర్ ఇతనిదే.

ఇక క్యాప్టెన్ సంగతి. దీన్ని 2008 నుంచి మొదలుపెట్టాలి, అప్పటికి అతను క్యాప్టెన్ కాకపోయినా.

ఆ ఏడాది యూరో కప్ క్వార్టర్ ఫైనల్లో టర్కీతో ఆట. ఎక్స్‌ట్రా టైమ్ 119వ నిమిషంలో మోడ్రిచ్ ఇచ్చిన క్రాస్‌తో క్లాస్నిచ్ గోల్ కొట్టాడు. క్రొయేషియా శిబిరం సంబరాల్లో మునిగింది. ఆఖరి క్షణాల్లో టర్కీ సమం చేసేసింది. షూటౌట్‌లో క్రొయేషియా తరఫున మొదటి పెనాల్టీకి 22 ఏళ్ల మోడ్రిచ్ వెళ్లి, బంతిని పోస్ట్ పక్కనుంచి బయటికి కొట్టాడు. జట్టు ఇంటిముఖం పట్టింది. అలాంటి దెబ్బ తర్వాత పెనాల్టీ జోలికే వెళ్లని పెద్ద ఆటగాళ్లు చాలామంది ఉన్నారు.

2016 యూరో తర్వాత డారియో స్ర్నా రిటైరవడంతో క్యాప్టెన్సీ ఇతనికొచ్చింది. వచ్చిన ఏడాదికి కాస్త అటూఇటుగా రెండు తలనొప్పులు. ఒకటి ఆటలో: 2018 ప్రపంచకప్ క్వాలిఫయింగ్‌లో ఫిన్లాండ్‌తో సొంతగడ్డ మీద 1–1 డ్రా, కోచ్ చాచిచ్‌ని తీసేశారు. ఉక్రెయిన్‌తో చివరి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు జ్లాట్కో డాలిచ్ వచ్చాడు. కీవ్‌లో గెలిచి, ప్లేఆఫ్‌లో గ్రీస్‌ని 4–1తో ఓడించి ఎలాగో రష్యాలో జరిగే ప్రపంచకప్‌కి టికెట్ సంపాదించారు. గ్రీస్ మీద మొదటి గోల్ మోడ్రిచ్ పెనాల్టీ.

రెండోది కోర్టులో. డినామో క్లబ్‌ని ఏలిన జ్ద్రావ్‌కో మమిచ్ మీద ఆటగాళ్ల బదిలీ డబ్బు విషయంలో కేసు నడిచింది. 2017 జూన్‌లో సాక్ష్యం చెప్పడానికి వెళ్లిన మోడ్రిచ్ కీలకమైన చోట్ల గుర్తులేదన్నాడు. దేశంలో చాలామందికి మండింది. చిన్నప్పుడు అతను తలదాచుకున్న జాదర్ హోటల్ గోడ మీద "లూకా, ఇది నీకు ఒకరోజు గుర్తొస్తుంది" అన్న అర్థంలో రాశారు. 2018 మార్చిలో అబద్ధపు సాక్ష్యం అభియోగం మోపారు, ఆ ఏడాది ముగిసేలోగా అది కోర్టులో నిలవకుండా పోయింది. అందులో ఎవరిది ఒప్పు అన్నది నా విషయం కాదు. జనాభా 40 లక్షలున్న దేశం, అందులో పెద్ద భాగం క్యాప్టెన్ మీద కోపంగా ఉండగా ప్రపంచకప్‌కి వెళ్లిందన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

గ్రూప్‌లో నైజీరియాని 2–0తో ఓడించాక డాలిచ్ ఒక మంచి పని చేశాడు. అర్జెంటీనా మ్యాచ్‌కి మిడ్‌ఫీల్డర్ బ్రొజోవిచ్‌ని డిఫెన్స్ ముందు నిలబెట్టి, మోడ్రిచ్‌ని, ఇంకో మిడ్‌ఫీల్డర్ రాకిటిచ్‌ని కాస్త ముందుకు వదిలాడు. ఫలితం 3–0. 80వ నిమిషంలో బాక్స్ బయట ఎదురుగా ఒటమెండి ఉండగా మోడ్రిచ్ బంతిని కుడివైపుకి జరిపి కొట్టిన గోల్ మీరు చూసే ఉంటారు. మీ పట్టికలోని రెండో గోల్ అదే.

నాకు మాత్రం ఆ టోర్నీలో అసలు మ్యాచ్ డెన్మార్క్‌ది. అర్జెంటీనాతో ఆడిన నిజ్నీ నొవ్‌గొరోద్ మైదానంలోనే ప్రీక్వార్టర్స్. మొదటి నాలుగు నిమిషాల్లోనే 1–1, ఆ తర్వాత రెండు గంటలు ఏమీ లేదు. 116వ నిమిషం దగ్గర మోడ్రిచ్ నడిమైదానంనుంచి ఒక పాస్‌తో డెన్మార్క్ డిఫెన్స్‌ని రెండుగా చీల్చాడు. రెబిచ్ గోల్‌కీపర్‌ని దాటేశాడు, వెనకనుంచి పడగొట్టారు, పెనాల్టీ. పదేళ్ల కిందటి టర్కీ మ్యాచ్ ఇతని బుర్రలో లేకుండా ఎలా ఉంటుంది? అయినా బంతి తనే తీసుకున్నాడు. కిందుగా కొట్టాడు, డెన్మార్క్ గోల్‌కీపర్ కాస్పర్ ష్మైకేల్ డైవ్ చేసి ఒడిసిపట్టుకున్నాడు. స్టాండ్స్‌లో ష్మైకేల్ తండ్రి పీటర్ ఎగిరి గంతులేశాడు.

ఇక్కడే ఆగి చూడాలి. కొద్ది నిమిషాల్లో షూటౌట్. అదే గోల్‌కీపర్, ఇప్పుడే తన కిక్ ఆపినవాడు. ఆ స్థితిలో ఉన్న ఆటగాణ్ని లిస్టులోంచి తప్పించినా ఎవరూ ఏమీ అనరు. మోడ్రిచ్ మూడో కిక్‌కి నడుచుకుంటూ వచ్చాడు. ఈసారి మూలకి గురిపెట్టకుండా దాదాపు మధ్యలోకి కొట్టాడు, ష్మైకేల్ ఒక పక్కకి పడిపోయాడు, గోల్. క్రొయేషియా గోల్‌కీపర్ సుబాషిచ్ మూడు కిక్‌లు ఆపాడు, రాకిటిచ్ ఆఖరిది వేశాడు. 3–2తో గెలుపు. క్వార్టర్ ఫైనల్లో రష్యాతోనూ షూటౌటే. అక్కడ మోడ్రిచ్ కిక్ రష్యా గోల్‌కీపర్ అకిన్‌ఫీవ్ చేతికి తగిలి, పోస్ట్‌కి కొట్టుకుని లోపలికి వెళ్లింది. అదృష్టమే. కానీ ఆ అదృష్టం కిక్ కొట్టడానికి వెళ్లినవాడికే దొరుకుతుంది.

సెమీస్‌లో ఇంగ్లండ్‌తో మళ్లీ ఎక్స్‌ట్రా టైమ్. ఇంగ్లండ్ ఆటగాడు ట్రిపియర్ ఫ్రీకిక్‌తో గోల్ కొట్టాడు కదా, ఆ ఫౌల్ చేసింది మోడ్రిచ్చే. ఐదో నిమిషంలోనే జట్టు వెనకబడింది. అక్కణ్నుంచి బంతి అడగడం తగ్గించలేదు సరికదా, రెండో సగంలో ఆట వేగాన్ని ఇతని జట్టే నిర్ణయించింది. మోడ్రిచ్ 119వ నిమిషం దాకా పరుగెత్తి 2–1 ఆధిక్యంలో బయటికొచ్చాడు. వరసగా మూడు ఎక్స్‌ట్రా టైమ్‌లు అంటే మిగతా జట్లకంటే అదనంగా ఒక పూర్తి మ్యాచ్ ఆడినట్టు. ఫైనల్లో కాళ్లు ఆ బాకీ తీర్చాయి. అక్కడ మోడ్రిచ్ ఆట గొప్పగా ఏం లేదని నేనే ఒప్పుకుంటాను.

మరి బాలన్ డి'ఓర్ న్యాయమేనా? నా ఓటు ఉంటే ఇచ్చేవాణ్ని, కానీ కళ్లు మూసుకుని కాదు. క్లబ్ ఆట మాత్రమే చూస్తే అతని గొప్ప సీజన్ 2016–17 అని నా అభిప్రాయం. ఫ్రాన్స్ ప్రపంచకప్ గెలిచింది కాబట్టి గ్రీజ్‌మన్‌కి ఇవ్వాల్సిందని అనేవాళ్ల మాటలోనూ బలముంది. ఓటేసినవాళ్లలో కొందరు మెస్సీ, రొనాల్డోల తర్వాత కొత్త పేరు కోసం ఎదురుచూస్తున్నారనీ అనుకుంటాను. ఇవన్నీ తీసేసినా, చాంపియన్స్ లీగ్ గెలిచిన జట్టుకీ, ప్రపంచకప్ ఫైనల్ చేరిన చిన్న దేశానికీ ఒకే మనిషి నడిమైదానంలో ఇరుసుగా ఉన్నాడన్న సంగతి మిగులుతుంది. అలాంటివాడు ఆ ఏడాది ఇంకొకడు లేడు.

అది ఒక్క ఏడాది మెరుపు కాదనడానికి తర్వాతి సంవత్సరాలే సాక్ష్యం. 2022లో ఖతార్‌లో 37 ఏళ్ల వయసులో బ్రెజిల్ మీద 120 నిమిషాలు ఆడి, షూటౌట్‌లో కిక్ వేసి, జట్టుని సెమీస్ చేర్చాడు. జట్టుకి మూడో స్థానం, ఇతనికి టోర్నీ మూడో ఉత్తమ ఆటగాడిగా బ్రాంజ్ బాల్. 2023 నేషన్స్ లీగ్ ఫైనల్లో స్పెయిన్‌తో షూటౌట్‌లో ఓటమి. క్రొయేషియాకి అతను ఒక్క కప్పు కూడా అందించలేకపోయాడన్నది నిజమే, దాన్ని దాచాల్సిన పనిలేదు.

2024 యూరోలో ఇటలీతో మ్యాచ్ చెప్పకపోతే ఈ జవాబు పూర్తికాదు. గెలిస్తేనే ముందుకు. రెండో సగంలో పెనాల్టీ వచ్చింది, 38 ఏళ్ల క్యాప్టెన్ కొట్టాడు, ఇటలీ గోల్‌కీపర్ డొనరుమ్మా ఆపేశాడు. నిమిషం తిరిగేలోపు క్రొయేషియా మళ్లీ దాడి చేసింది. బుదిమిర్ కొట్టిన బంతిని కూడా డొనరుమ్మా ఆపాడు. ఆ వెనక్కి వచ్చిన బంతిని ఎవరో పరుగెత్తుకొచ్చి వల పైభాగంలోకి కొట్టారు. చూస్తే మోడ్రిచ్. యూరో చరిత్రలో అంత వయసులో గోల్ కొట్టినవాడు లేడు. పెనాల్టీ తప్పిన మనిషి తల పట్టుకుని నిలబడి ఉంటే ఆ బంతి దగ్గరికి చేరేవాడు కాదు. చివరికి 98వ నిమిషంలో జకాన్యి సమం చేయడంతో అదీ దక్కలేదు. మ్యాచ్ ఉత్తమ ఆటగాడి ట్రోఫీ పట్టుకున్న ఫోటోలో అతని ముఖం చూస్తే ఎవరో బలవంతంగా చేతిలో పెట్టినట్టుంటుంది.

2025లో మాడ్రిడ్ వదిలి మిలాన్‌కి వెళ్లాడు, చిన్నప్పుడు అభిమానించిన క్లబ్ అది. దేశం తరఫున ఆడిన మ్యాచ్‌లు 180 దాటాయి, క్రొయేషియాలో ఇంకెవరూ అన్ని ఆడలేదు.

మీరు కొత్తగా చూస్తున్నారు కాబట్టి ఒక సలహా. 2018 అర్జెంటీనా మ్యాచ్ మొత్తం దొరికితే దాంతో మొదలుపెట్టండి. టైమ్ లేకపోతే డెన్మార్క్ మ్యాచ్ 110వ నిమిషం నుంచి చాలు. హైలైట్స్ మాత్రం వద్దు. ఎడిటింగ్‌లో గోల్‌కి ముందు రెండు పాస్‌ల నుంచే మొదలుపెడతారు, ఇతని పని సాధారణంగా మూడోదో నాలుగోదో అయి ఉంటుంది.